తనిఖీ రోజు విహారయాత్ర

కోట ఎక్కి దిగడానికి రెండున్నర గంటలు పడుతుంది. చెరువు చుట్టి రావడానికి గంటన్నర, పడవ కూడా ఎక్కితే రెండు. మ్యూజియం మటుకు మనిషిని బట్టి ఉంటుంది. చదివే అలవాటున్నవాళ్ళు ప్రతి అద్దాల పెట్టె దగ్గరా ఆగిపోతారు, లేనివాళ్ళు ఇరవై నిమిషాల్లో బయటికొచ్చి టీ ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. ఇవన్నీ అతనికి నోటికొచ్చు. చెప్పుల ఫ్యాక్టరీలో అతని ఉద్యోగం స్టోర్సు గుమాస్తా. కానీ పని మీద ఊరొచ్చే పెద్దవాళ్ళకి, ఒక మీటింగుకీ ఇంకో మీటింగుకీ మధ్య దొరికే ఖాళీలో ఊరు చూపించే పని పదకొండేళ్ళుగా అతని నెత్తినే పడింది. అందుకే ఫ్యాక్టరీలో అందరూ అతన్ని గైడు అంటారు. స్టోర్సులో మేకులు కావాలన్నా "గైడుగారూ, ఒక డబ్బా మేకులు" అనే అడుగుతారు.

ఈసారి వచ్చింది ఒకావిడ. వీళ్ళ దగ్గర చెప్పులు కొనే పెద్ద కంపెనీ పంపింది. పనివాళ్ళని సరిగ్గా చూస్తున్నారా, గాలీ వెలుతురూ ఉన్నాయా, చేతులకి తొడుగులిస్తున్నారా, ఇవన్నీ చూసి రాసుకుపోవడం ఆవిడ ఉద్యోగం. సాయంత్రం ఐదింటి రైల్లో చక్రాల సంచీ ఒక్కటి లాక్కుంటూ దిగింది. యాభై దాటి ఉంటాయి. కారులో కూర్చోగానే బూట్లు కాస్త వదులు చేసుకుని, "ఇక్కడ చూడాల్సినవి ఏమున్నాయండీ?" అంది.

అందరూ అదే అడుగుతారు. అతను జేబులోంచి టైపు చేసిన కాగితం తీసి వెనక్కి అందించాడు.

"మూడున్నాయి మేడమ్. రేపు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా మీకు ఖాళీ. ఏదో ఒకటి హాయిగా చూడొచ్చు."

"కోట," అంది ఆవిడ, కాగితం పూర్తిగా చదవకుండానే. "పైనుంచి ఫొటో బాగా వస్తుంది. మా అమ్మ కోసం లెండి. నాలుగేళ్ళుగా మంచం మీదే ఉంది. నేను ఏ ఊరెళ్ళినా ఒక ఫొటో తేవాలి. ఒకసారి తొందరలో ఏదో ఫ్యాక్టరీ ఫొటో చూపిస్తే మొహం అటు తిప్పేసుకుంది. గోడలు నాకిక్కడా ఉన్నాయే, ఊరు చూపించు అంది."

డ్రైవరు నవ్వాడు. అతనూ నవ్వి, "అయితే కోటే మేడమ్" అన్నాడు. మనసులో మాత్రం ఇంకో సంగతి ఖాయం చేసుకున్నాడు. మేడమ్ కోట కాబట్టి ఆడవాళ్ళ బస్సు చెరువుకి.

అది మేనేజరు పెట్టిన పద్ధతి. తనిఖీ జరిగే రెండు రోజులూ గమ్ము సెక్షన్లో కొందరు ఆడవాళ్ళు కనిపించకూడదు. చెప్పు అడుగుకి గమ్ము రాసి అతికించే పని ఏళ్ళ తరబడి చేసి, వేళ్ళూ పాదాలూ మొద్దుబారినవాళ్ళు. నడిస్తే పాదం నేలకి టప్పున కొట్టుకుంటుంది. వాళ్ళని పొద్దున్నే బస్సెక్కించి ఊళ్ళో ఎక్కడో ఒకచోట సాయంత్రం దాకా కూర్చోబెడతారు. హాజరు పుస్తకంలో సెలవని రాస్తారు. ఎవరైనా అడిగితే పిక్నిక్ అని చెప్పాలి. వాళ్ళ కుర్చీల్లో ప్యాకింగు సెక్షన్ అమ్మాయిలు తొడుగులేసుకుని కూర్చుంటారు. ఎటు వెళ్తానంటారో ముందు అతిథిని అడిగి, బస్సుని దానికి దూరంగా పంపడం అతని బాధ్యత. ఇన్నేళ్ళలో కారూ బస్సూ ఒక్కసారి కూడా ఎదురుపడలేదు.

మేడమ్‌ని గెస్ట్‌హౌస్‌లో దించి ఇంటికెళ్ళేసరికి వదిన ముందు గదిలో కింద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. వదినంటే అతని భార్యకి అక్క. ఆరేళ్ళుగా వీళ్ళతోనే ఉంటోంది. ఉన్న రెండు గదులూ కంపెనీవి. ఒలవడమంటే ఒలవడం కాదు, కాయని రెండు అరచేతుల మధ్యా పెట్టి నలుపుతోంది. సగం గింజలు చాప కిందికి పోతున్నాయి.

"రేపూ ఎల్లుండీ బస్సు వదినా," అన్నాడు చెప్పులు విప్పుతూ.

"ఎక్కడికి?"

"చెరువుకి."

"మళ్ళీ చెరువేనా మరిదిగారూ? పోయినసారీ అదే. ఆ బాతులు నన్ను చూసి, అదిగో వచ్చింది పని దొంగ అనుకుంటాయి."

లోపల్నుంచి భార్య మాట వినిపించింది. "పోనీ ఈసారైనా అడిగావా మేనేజర్ని?"

అడిగాడు. ఎనిమిది నెలల కిందట పెద్దాసుపత్రి డాక్టరు సూదితో వదిన పాదం మీద పొడుచుకుంటూ మోకాలి దాకా వచ్చి, ఆ గమ్ము గాలి ఇంకొక్క ఏడాది పీలిస్తే ఈ కాళ్ళ మీద నిలబడలేవమ్మా అని చెప్పింది. ఏం పని చేస్తోందో, ఏ గమ్ము వాడుతున్నారో ఫ్యాక్టరీ నుంచి కాగితం రాయించుకు రమ్మంది. ఆ కాగితం ఉంటేనే వైద్యం కంపెనీ ఖర్చు మీద జరుగుతుంది, వేరే సెక్షన్‌కి మార్చడమూ వీలవుతుంది. మేనేజరు అంతా విని, "ఒకరికి రాసిస్తే ఇరవై ముగ్గురికీ రాసివ్వాలయ్యా. తనిఖీ అవనీ చూద్దాం" అన్నాడు. అప్పట్నుంచి ఇది రెండో తనిఖీ.

"తనిఖీ అవనీ అన్నారు," అన్నాడు.

లోపల గిన్నె మీద మూత కాస్త గట్టిగానే పడింది. వదిన రెండు చేతులతో గ్లాసు పట్టుకుని నీళ్ళు తాగి, కింద పెట్టేటప్పుడు నేల తగిలిందో లేదో వంగి చూసుకుంది.

*

పొద్దున్న ఆరున్నరకి ఫ్యాక్టరీ వెనక గేటు దగ్గర బస్సు. అతను జాబితా పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కొక్కరూ బస్సు మెట్టు దగ్గర ఆగి, రెండు చేతులతో తమ మోకాలు ఎత్తి పాదాన్ని మెట్టు మీద పెట్టుకుని, తర్వాత కడ్డీకి మోచెయ్యి చుట్టి పైకి లాక్కుంటున్నారు. చెప్పులు జారిపోతే తెలియదు కాబట్టి అందరూ మడమ చుట్టూ ఎలాస్టిక్ పట్టీ కట్టుకుంటారు. పట్టీలు ఫ్యాక్టరీవే, స్టోర్సు నుంచి అతనే ఇస్తాడు.

"ఏం గైడుగారూ, మాకూ కాగితం ఇవ్వరా? చెరువు ఎవరు తవ్వించారు, ఎందుకు తవ్వించారు?" అంది ఒకామె. నోరు ఊరుకోదని ఆమెని రేడియో అంటారు.

"నువ్వు నోరు మూసుకుంటావేమోనని తవ్వించారు," అంది వదిన వెనక నుంచి. అందరూ నవ్వారు. అతను ఇరవై మూడు లెక్కపెట్టి తలుపు వేశాడు.

తొమ్మిదింటికి మేడమ్ వచ్చింది. అతను అనుకున్నదాని కంటే నిక్కచ్చి మనిషి. మంటలార్పే సిలిండరు మీద తేదీ తిప్పి చూసింది. మరుగుదొడ్డి కుళాయి విప్పి ఎంతసేపు నీళ్ళొస్తాయో గడియారం పెట్టి చూసింది. మెట్ల మీద అట్టపెట్టెలుంటే తీయించి, తీసేదాకా అక్కడే నిలబడింది. గమ్ము సెక్షన్లో పక్కనున్న స్టూలు లాక్కుని ఎక్కి, గోడకున్న ఫ్యాను రెక్కకి వేలు రాసి చూసుకుంది. ముందురోజే తుడిచారు. ప్యాకింగు అమ్మాయిలు తెల్ల తొడుగులతో వరసగా కూర్చుని, ఎప్పుడూ పట్టని బ్రష్షులు పట్టుకుని నెమ్మదిగా గమ్ము రాస్తున్నారు.

"ఈ పని ఎన్నాళ్ళుగా చేస్తున్నావమ్మా?"

"మూడేళ్ళు మేడమ్."

"తలనొప్పి అదీ వస్తుందా?"

"లేదు మేడమ్. గాలి బాగా వస్తుంది మేడమ్."

మేడమ్ రాసుకుంది. కాసేపు ఆ అమ్మాయి మొహంలోకి చూసి, మళ్ళీ రాసుకున్నదాన్ని చూసుకుని ముందుకి నడిచింది. ఆ చూపు అతనికి గుర్తుండిపోయింది. ఈవిడ వెతుకుతోంది, వెతికేచోట ఏమీ లేదు, అంతే అనిపించింది.

మధ్యాహ్నం రెండింటికి కారు కదిలింది. ఊరి మధ్యకొచ్చాక మేడమ్ అడిగింది. "కోటకి మెట్లెన్నండీ?"

"రెండు వందల పన్నెండు మేడమ్."

"అమ్మ బాబోయ్. పొద్దున్న మీ ఫ్యాక్టరీ మెట్లే నాలుగుసార్లు ఎక్కాను. నా మోకాలు ఒప్పుకోదు. పోనీ చెరువుకి పోదాం. అక్కడ కూర్చోవచ్చుగా?"

డ్రైవరు అద్దంలోంచి అతని వంక చూశాడు. చెప్పడానికి అతని దగ్గర మాటలు లేక కాదు. చెరువులో నీళ్ళు తోడేస్తున్నారని చెప్పొచ్చు. మంగళవారం సెలవని చెప్పొచ్చు. మ్యూజియంలో కొత్త గది తెరిచారని చెప్తే ఆవిడ సంతోషంగా వచ్చేది. ఇలాంటివి ఎన్నోసార్లు చెప్పాడు, ఎవరూ అనుమానించలేదు. కానీ స్టూలెక్కి ఫ్యాను రెక్క తడిమిన ఆ వేలు కళ్ళ ముందు కదిలింది. నేనేం చెప్పక్కర్లేదు, అనుకున్నాడు. నా నోటితో ఒక్క ముక్క అనక్కర్లేదు. ఈవిడకి కళ్ళున్నాయి. తీసుకెళ్తే చాలు.

"పోదాం మేడమ్," అన్నాడు.

డ్రైవరు గేరు మార్చడానికి చాలాసేపు తీసుకున్నాడు. టికెట్లు కొనేచోట కారు ఆపినప్పుడు కిందికి దిగి, అతని చెవి దగ్గరగా వచ్చి, "తెలిసే చేస్తున్నావా?" అన్నాడు. అతను టికెట్లకి డబ్బు చెల్లించాడు. 

చెరువు పెద్దదేం కాదు. చుట్టూ రాతి గట్టు, గట్టు మీద సిమెంటు బెంచీలు, ఒక పక్క నాలుగు తొక్కుడు పడవలు. ఆడవాళ్ళు నీడలో గుంపుగా ఉన్నారు. కొందరు కింది మెట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో వేలాడేసుకున్నారు. గట్టుకి నాలుగడుగుల దూరంలో ఒక చెప్పు నీళ్ళ మీద తేలుతోంది.

అది మొదట చూసింది మేడమే. "అయ్యో, ఎవరిదో చెప్పు పోయింది" అంది.

ఆ మాటకి అందరూ ఒక్కసారి తలలు వంచి తమ పాదాల వంక చూసుకున్నారు. నీళ్ళలో ఉన్నవాళ్ళు కాళ్ళు పైకి లాక్కుని మరీ చూసుకున్నారు. పోయింది తనది అవునో కాదో చూస్తే తప్ప ఏ ఒక్కరికీ తెలియలేదు. చివరికి రేడియో, "నాదేనే" అంది నీరసంగా. పట్టీ తెగిపోయింది.

మేడమ్‌కి నవ్వొచ్చింది. ఎగతాళి నవ్వు కాదు, చిన్నపిల్లల ఆట చూసినట్టు నవ్వింది. ఫోను తీసి ఆ తలలు వంచుకున్న వరసని ఫొటో తీసుకుంది. చూసింది, అనుకున్నాడు. ఇప్పుడు అడుగుతుంది.

"మీరంతా ఎక్కణ్ణుంచమ్మా?"

రేడియో అతని వంక చూసి, చూడనట్టు తిప్పేసుకుని, "చెప్పుల కంపెనీ మేడమ్. పిక్నిక్‌కి తీసుకొచ్చారు" అని అప్పజెప్పింది.

"మన ఫ్యాక్టరీ వాళ్ళేనా?" మేడమ్ అతని వైపు తిరిగింది. ముఖం విప్పారింది. "పని రోజున పిక్నిక్కా? నాకెవరూ చెప్పలేదే."

"ఏడాదికి రెండుసార్లు మేడమ్," అన్నాడు అతను. అది అబద్ధం కాదు. తనిఖీలు ఏడాదికి రెండుసార్లే.

ఆవిడ బెంచీ మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ వాళ్ళ వంక చూస్తోంది. చూపు కిందికి దిగింది. ఒకరి కాలు, ఇంకొకరి కాలు, వరసగా అన్ని కాళ్ళూ చూసింది. నుదురు ముడిపడింది.

"అందరి చెప్పులకీ ఆ పట్టీలేమిటండీ?"

అతన్నే అడిగింది. ఎక్కడ ఏం కనబడినా గైడునే అడుగుతారు కదా. వదిన గట్టు చివర కూర్చుని ఉంది. అందరూ నేల చూపులు చూస్తుంటే ఆవిడ ఒక్కతీ తల ఎత్తి, రెప్ప వెయ్యకుండా అతన్ని చూస్తోంది.

ఈ ప్రశ్న కోసమే ఇక్కడికి తీసుకొచ్చాడు. దారి పొడుగునా ఇదే ప్రశ్న అడుగుతుందని ఆశపడ్డాడు. జవాబు మాత్రం ఆలోచించలేదు. చూస్తే ఆవిడకే తెలిసిపోతుందనుకున్నాడు, అంతే. రెండు గదులూ, భార్యా, మేనేజరు మొహమూ అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. నోరు మాత్రం అలవాటు చొప్పున తనంతట తనే తెరుచుకుంది.

"గట్టంతా నాచు మేడమ్. జారుతుందని ముందుజాగ్రత్త."

"మంచి ఆలోచన," అంది మేడమ్.

పట్టీలు ఎవరు ఇచ్చారని అడిగితే, కంపెనీయే ఇచ్చిందన్నాడు. అదీ నిజమే. తర్వాత ఆవిడ అందర్నీ దగ్గరగా కూర్చోబెట్టి, వెనక నీళ్ళు కనబడేట్టు ఇంకో ఫొటో తీసింది. "మా అమ్మకి మనుషులున్న ఫొటోలంటే ఇంకా ఇష్టం" అంది. కారులో తిరిగొస్తూ చెరువు ఎప్పటిదని అడిగింది. అతను చెప్పాడు. తన గొంతు తనకే కాగితం చదువుతున్నట్టు వినిపించింది.

ఐదున్నరకి మేనేజరు పిలిపించాడు. డ్రైవరు చెప్పేసి ఉంటాడని అతనికి తెలుసు. గదిలో మేడమ్ టీ తాగుతోంది. మేనేజరు లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు. పదకొండేళ్ళలో ఎన్నడూ వెయ్యలేదు.

"ఇదిగో, ఇతన్నే మెచ్చుకోవాలి మేడమ్. ఇలాంటివన్నీ ఇతనే చూస్తాడు."

"పనివాళ్ళని విహారయాత్రలకి పంపే ఫ్యాక్టరీ నేనింతవరకు చూడలేదు," అంది మేడమ్. "నివేదికలో ప్రత్యేకంగా రాస్తున్నాను. నిజం చెప్పాలంటే, పొద్దున్న నాకు మీ గమ్ము సెక్షన్ మీద ఏదో అనుమానంగా ఉండింది. ఆ ఆడవాళ్ళని చూశాక పోయింది."

ఆవిడ వెళ్ళాక మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వాడు. "నీ మీద పిచ్చి కోపం వచ్చిందయ్యా మొదట. తర్వాత కదా తెలిసింది నీ తెలివి. రేపు బస్సు వెనక గేటుకొద్దు, ముందుకే తెప్పించు. బ్యానరు కట్టించు. మేడమ్ చేత జెండా ఊపిద్దాం. నీ దస్తూరీ బాగుంటుంది, నువ్వే రాయి."

అతను స్టోర్సులో నేల మీద తెల్లగుడ్డ పరిచి, కుంచె ముంచి, కార్మిక సంక్షేమ విహారయాత్ర అని రాశాడు. అక్షరాలు గుండ్రంగా, వంకర లేకుండా వచ్చాయి.

ఇంటికెళ్ళేసరికి వదిన ముందు గదిలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. భార్య కాళ్ళకి గోరువెచ్చటి నీళ్ళ గుడ్డ చుడుతోంది. వేడి ఎంతుందో వదినకి తెలియదు కాబట్టి భార్య ముందు తన బుగ్గకి ఆనించి చూసుకుంటోంది.

"జారిందా మరిదిగారూ, గట్టు?" అంది వదిన.

అతను గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. "మీకోసమే వదినా ఆవిణ్ణి తీసుకొచ్చింది. చూస్తే తెలిసిపోతుందనుకున్నా."

"చూస్తే ఏం తెలుస్తుంది? మీరే కదా చెప్పేవారు, కోట మీద ఉత్త మొండిగోడ చూపించి, ఇది రాణిగారి గదండీ అంటే అందరూ రాణిని చూసినట్టే మొహాలు పెడతారని. చూపించేవాడు ఏం చెబితే అదే కనబడుతుంది."

"నిజం చెప్పేస్తే రేపు మీ ఉద్యోగం ఏం గాను? ఈ గదులేం గాను?"

"అది నాకు తెలియదనా?" వదిన గొంతు పెంచలేదు. "ఆవిడ అడిగింది. నేను నోరు తెరుద్దామని గుక్క తిప్పుకుంటున్నా. మీరు తెరిచేశారు. అంతమందిలో మరిది మాట కాదంటే మిమ్మల్ని అబద్ధాలకోరని నిలబెట్టినట్టు కాదూ? ఊరుకున్నా."

భార్య గుడ్డ చుట్టడం ఆపింది. "నువ్వు చెప్పేదానివా అక్కా?"

"నన్నడిగితే చెప్పేదాన్నే. నా కాళ్ళే కదా." వదిన పాదాల వంక చూసుకుంది, ఎవరివో చూసినట్టు. "పట్టీ ఎందుకమ్మా అని నన్నడగలేదు ఆవిడ. పక్కనున్న నిన్నడిగింది."

కోపంలో ఎప్పుడూ అనని నువ్వు వచ్చింది. తర్వాత ముగ్గురూ అన్నం తిన్నారు. వదిన ముద్ద వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంటే భార్య చెంచా తెచ్చి పక్కన పెట్టింది. వదిన చెంచా తీసుకోలేదు.

*

మర్నాడు బస్సు ముందు గేటు దగ్గర నిలబడింది. బ్యానరు ఎండలో తళతళలాడుతోంది. మేడమ్ నవ్వుతూ పచ్చ జెండా పట్టుకుంది. ఆవిడ రైలు మధ్యాహ్నం రెండింటికి. ఆఖరి మీటింగు పదకొండుకి, మధ్యలో మిగిలింది ఇదొక్కటే.

ఆడవాళ్ళు ఎక్కుతున్నారు. ఇవాళ మేనేజరు ముందే చెప్పాడు, మోకాలు చేత్తో ఎత్తుకోకండి, బాగుండదు అని. అందుకని ఒకరి వెనక ఒకరు నడుం మీద చెయ్యేసి, ఆప్యాయంగా పట్టుకున్నట్టు పైకి తోసుకుంటున్నారు. అతను లెక్కపెట్టాడు. ఇరవై రెండు. మళ్ళీ లెక్కపెట్టాడు.

వదిన ఇంటి నుంచి అతని వెనకే వచ్చింది. టప్, టప్ మని అడుగుల చప్పుడు గేటు దాకా వినిపించింది. తర్వాత వినలేదు.

జెండా ఊగింది. చప్పట్లు కొట్టారు. బస్సు కదిలాక మేనేజరు నవ్వు చెదరకుండా అతని పక్కకొచ్చి, "మీ వదినేదయ్యా?" అన్నాడు.

అతను వాచ్‌మన్ వంక చూశాడు. వాచ్‌మన్ కళ్ళతోనే లోపలికి చూపించాడు.

"వెళ్ళి వెనక గేటు నుంచి పంపెయ్. నేనీవిణ్ణి టీకి కూర్చోబెడతాను."

గమ్ము సెక్షన్ మెట్లు అతను గబగబా ఎక్కాడు. ప్యాకింగు అమ్మాయిలు నిన్నటిలాగే తెల్ల తొడుగులతో ఉన్నారు. మూడో వరసలో ఒక అమ్మాయి మాత్రం కుర్చీ పోగొట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది. ఆ కుర్చీలో వదిన. తొడుగుల్లేవు. కుడిచేతి వేళ్ళు బ్రష్షుని పట్టుకోలేవు కనక గుడ్డపీలికతో బ్రష్షుని అరచేతికి కట్టుకుంది. నెలరోజులుగా అలాగే పనిచేస్తోంది. మోచేతిని కదిలించి, అడుగు మీద గమ్ము అంచు దాటకుండా రాస్తోంది. పని మాత్రం చక్కగా ఉంది.

"లేవండి వదినా."

"హాజరు వేయించుకున్నా మరిదిగారూ. పని రోజే కదా ఇవాళ?"

"మేనేజరు..."

"ఆయన్నొచ్చి లేపమనండి."

బ్రష్షు ఆగలేదు. అతను ఆ పక్కనే నిలబడ్డాడు. చెయ్యి పట్టి లేపొచ్చు. లేస్తుంది కూడా, అడ్డుకునేంత బలం ఆవిడకి లేదు. పట్టుకోవడానికి చెయ్యి ముందుకి చాపాడు కూడా. అంతలో మెట్ల మీద ఒక కాలు నెమ్మదిగా, ఒక కాలు గట్టిగా పడుతున్న చప్పుడు వినిపించింది. మోకాలి నొప్పి ఉన్న మనిషి అడుగులు.

"నిన్న ఫ్యాను నంబరు రాసుకోవడం మర్చిపోయానండీ," అంటూ మేడమ్ లోపలికొచ్చింది. వెనకే మేనేజరు, చేతిలో టీ కప్పుతో. మేడమ్ రెండడుగులు వేసి ఆగింది. "ఈవిడ నిన్న చెరువు దగ్గర ఉన్నారు కదూ? ఇవాళ వెళ్ళలేదే?"

"కొందరికి పనంటే ప్రాణం మేడమ్," అన్నాడు మేనేజరు.

మేడమ్ ఆ మాట విన్నట్టు లేదు. గుడ్డపీలిక వంక చూస్తోంది. అరచేతి చుట్టూ నాలుగు చుట్లు, మణికట్టు మీద పంటితో లాగి వేసిన ముడి. గమ్ము అంటి గట్టిపడిపోయిన గుడ్డ. ఆవిడ నిన్న ఆ అమ్మాయి మొహంలోకి చూసిన చూపే ఇప్పుడూ చూసింది. తర్వాత అలవాటు ప్రకారం గైడు వైపు తిరిగింది.

"చేతికి ఆ కట్టు ఏమిటండీ?"

జవాబు నాలిక మీద సిద్ధంగా ఉంది. బ్రష్షు జారకుండా మేడమ్, పని నీటుగా వస్తుంది. నిన్నటిదాని కంటే మంచి జవాబు. ఆవిడ మంచి ఆలోచన అంటుంది, ఫ్యాను నంబరు రాసుకుంటుంది, రెండింటి రైలెక్కుతుంది. మేనేజరు కళ్ళు అతని వీపు మీద ఉన్నాయి. ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

"చెయ్యి ఆవిడది మేడమ్," అన్నాడు. "ఆవిణ్ణే అడగండి."

అని రెండడుగులు పక్కకి జరిగాడు. మేడమ్‌కీ వదినకీ మధ్య ఇంకెవరూ లేరు. మేడమ్ చేతి గడియారం చూసుకుంది. ఒక్క క్షణం, వెళ్ళిపోతుందేమో అనిపించింది. తర్వాత గోడ దగ్గరున్న స్టూలు లాక్కుని, మోకాలు పట్టుకుని కూర్చుంది.

"చెప్పండమ్మా."

వదిన బ్రష్షు కింద పెట్టలేదు, పెట్టడానికి వీల్లేదు. చెయ్యి అలాగే ఒళ్ళో పెట్టుకుంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అని కాస్త ఆలోచించింది.

"నన్నిక్కడ పనిలో చేర్పించింది ఇతనే," అంది. "మా చెల్లెలి మొగుడు. ఆరేళ్ళయింది. అప్పుడు నా చేతులూ కాళ్ళూ బాగుండేవి. రెండేళ్ళకి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంటే, అందరికీ అంతే, అలవాటవుతుందన్నాడు. కాళ్ళకి కట్టుకోమని పట్టీలిచ్చిందీ ఇతనే. నిన్న జారుతుందన్నాడు కదా. నాచు కాదు."

మేడమ్ తల తిప్పి అతని వంక చూసింది. నిన్నటి నవ్వు ఆ మొహంలో ఎక్కడా లేదు.

"నిజమేనా?"

ఈపాటికి ఇంట్లో భార్య నీళ్ళు పట్టుకుంటూ ఉంటుంది. కంపెనీ కుళాయి, పదింటికల్లా కట్టేస్తారు.

"నిజమే మేడమ్," అన్నాడు అతను.

మేడమ్ ఫైలు తెరిచి, నిన్న రాసిన కాగితాన్ని వెనక్కి మడిచింది. వదిన చెప్పుకుంటూ అప్పటికే డాక్టరు సూదితో పొడిచిన సంగతి దగ్గరికొచ్చేసింది.